బొమ్మ అమ్ముడైంది, హక్కు సంగతేమిటి?

ఢిల్లీ విజ్ఞాన్ భవన్ లాబీలో ఒకప్పుడు ఒక గోడంతా కంచు శిల్పమే. 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు. మన పల్లె బతుకును కంచులో పోతపోసిన పని అది. చేసింది అమర్‌నాథ్ సెహగల్. చేయించింది కేంద్ర ప్రభుత్వం. 1957లో పని అప్పగిస్తే 1962కి పూర్తయింది. 1979లో అదే ప్రభుత్వం దాన్ని ఊడదీయించి గోదాములో పడేయించింది. శిల్పికి మాటమాత్రమైనా చెప్పలేదు.

అధికారులకు చెప్పుకుని ప్రయోజనం లేక సెహగల్ 1992లో ఢిల్లీ హైకోర్టుకెక్కారు. ప్రభుత్వం వాదన సూటిగా ఉంది: డబ్బిచ్చి చేయించుకున్నాం, శిల్పం మాది, ఉంచుకుంటామో తీసేస్తామో మా ఇష్టం. 2005 ఫిబ్రవరిలో జస్టిస్ ప్రదీప్ నంద్రాజోగ్ ఈ వాదనను కొట్టేశారు. మిగిలిన భాగాలను శిల్పికి అప్పగించాలని, 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పారు. అప్పటికి సెహగల్‌కు 83 ఏళ్లు. మరో రెండేళ్లకు ఆయన కన్నుమూశారు.

ఈ కేసును లా కాలేజీల్లో కళాకారుడి గెలుపుగా చెబుతారు. గెలుపే, కాదనలేం. తాను చేసిన పనికి తన పేరు ఉండాలనే హక్కు, తన పరువుకు దెబ్బ తగిలేలా ఆ పనిని పాడుచేస్తే అడ్డుకునే హక్కు కాపీరైటు చట్టం 57వ సెక్షన్‌లో ఉన్నాయి. మన దేశంలో ఆ సెక్షన్‌కు ప్రాణం పోసిన తీర్పు అది. కానీ శిల్పం గోడ దిగినప్పటి నుంచి తీర్పు వచ్చేదాకా పాతికేళ్లు దాటిపోయాయి. చివరికి చేతికి దక్కింది శిల్పం కాదు, దాని ముక్కలు. వాటిలో కొన్ని అప్పటికే గల్లంతయ్యాయి.

కాపీరైటు, కళాచట్టాల లాయరు అనగానే ఇలాంటి కేసులు వాదించే నల్లకోటు మనిషి గుర్తొస్తాడు. ఆ వృత్తి అసలు విలువ మాత్రం శిల్పం గోడ దిగాక కాదు, గోడ ఎక్కకముందే తెలుస్తుంది. పని అప్పగించేటప్పుడు రాసుకునే రెండు పేజీల కాగితంలో ఏముందో, ఏం లేదో చూసే మనిషి కళాకారుడి పక్కన ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి లాయర్లు అవసరానికి తగినంత మంది లేరు. కళ కరువై కాదు, తగాదాలు కరువై కాదు. ఆ పనికి ఫీజు వచ్చే దారి ఎవరూ వేయలేదు. ముందుగా వేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వాలే. కూడళ్లలో విగ్రహాలు, ఫ్లైఓవర్ల మీద బొమ్మలు, కలెక్టరేట్ల గోడల మీద కుడ్యచిత్రాలు పెద్ద ఎత్తున చేయిస్తున్నది అవే కాబట్టి.

చాలామంది చిత్రకారులకు తెలియని మొదటి సంగతి చాలా చిన్నది. బొమ్మ వేరు, బొమ్మ మీద హక్కు వేరు. తనంతట తాను వేసుకున్న చిత్రాన్ని అమ్మితే కొన్నవారికి దక్కేది ఆ కాన్వాసు మాత్రమే. దాన్ని క్యాలెండరుగా, పుస్తకం అట్టగా, కాఫీ కప్పు మీద, చీర కొంగు మీద అచ్చేసుకునే హక్కు చిత్రకారుడి దగ్గరే ఉంటుంది. ఆ హక్కు చేతులు మారాలంటే కాగితం, సంతకం ఉండి తీరాలని 19వ సెక్షన్ చెబుతోంది. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే రాసిచ్చినట్టు లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. రాయించుకున్నవారు ఏడాదిలోగా ఆ హక్కును వాడకపోతే, వేరే షరతు లేనప్పుడు, అది రద్దయినట్టే. హక్కు కాలపరిమితి కళాకారుడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. వడ్డాది పాపయ్య 1992లో పోయారు, కాబట్టి ఆయన బొమ్మలకు 2052 ఆఖరు దాకా కాపీరైటు ఉంటుంది. 2014లో పోయిన బాపు బొమ్మలకు 2074 ఆఖరు దాకా.

ఉంటుంది సరే, ఎవరికి ఉంటుంది? లాయరు పని మొదలయ్యేది ఇక్కడే.

పత్రికలో జీతానికి పనిచేసే చిత్రకారుడు పత్రిక కోసం వేసిన బొమ్మను పత్రికల్లో అచ్చేసే హక్కు యజమానిది. మిగతా హక్కులన్నీ, వేరే ఒప్పందం లేకపోతే, చిత్రకారుడివే. 17వ సెక్షన్‌లోని మొదటి క్లాజు చెప్పేది అదే. రెండో క్లాజు దగ్గర కథ తిరగబడుతుంది. ఎవరైనా డబ్బిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పెయింటింగ్ గానీ పోర్ట్రెయిట్ గానీ, తీయించుకున్న ఫొటో గానీ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైటు మొదటి యజమాని వేయించుకున్నవారే. అంటే నెలజీతం తీసుకునే ఆర్టిస్టుకు మిగిలే హక్కు కూడా ఫ్రీలాన్స్‌గా ముఖచిత్రం వేసిచ్చిన ఆర్టిస్టుకు మిగలకపోవచ్చు. స్వేచ్ఛ కోసం ఉద్యోగం వదిలేసిన మనిషికి చట్టం ఇచ్చే బహుమానం ఇది. దీన్ని తప్పించుకోవడానికి కావలసింది ఒక్క వాక్యం: ఈ చిత్రంపై కాపీరైటు చిత్రకారుడిదే, పత్రికకు ఒక సంచికలో వాడుకునే అనుమతి మాత్రమే ఇస్తున్నాడు. తెలుగు వారపత్రికలు వెలిగిన కాలంలో వందల ముఖచిత్రాలు, వేల కథల బొమ్మలు నోటిమాట మీదే చేతులు మారాయి. ఇవాళ ఆ బొమ్మలను పుస్తకాలుగా, టీషర్టులుగా, డిజిటల్ ప్రింట్లుగా మళ్లీ తేవాలనుకునేవారు ముందు తేల్చుకోవాల్సింది ఎవరు ఉద్యోగి, ఎవరు ఫ్రీలాన్సర్ అన్న పాత లెక్క. జీతం రశీదు, మనీయార్డరు కూపను, ఒక పోస్టుకార్డు... ఏది దొరికినా అది సాక్ష్యమే.

ఇప్పుడు ఒక వర్క్ ఆర్డరును బల్ల మీద పెట్టి చూద్దాం. ఒక మున్సిపాలిటీ బస్టాండు గోడ మీద కుడ్యచిత్రం వేయించుకుంటోంది అనుకుందాం. కాగితంలో చదరపు అడుగుకు ఇంత అని రేటు ఉంటుంది. గడువు ఉంటుంది. ఆలస్యమైతే కోత ఎంతో ఉంటుంది. జీఎస్టీ, టీడీఎస్ ఉంటాయి. నిజానికి అది గోడకు సున్నం వేయించే పనికి, కాలువ పూడిక తీయించే పనికి వాడే ఫారమే. అందులో చిత్రకారుడి పేరు గోడ మీద ఎక్కడ రాయాలో ఉండదు. పెచ్చులూడితే మరమ్మతు ఎవరితో చేయించాలో ఉండదు. దాని ఫొటో తీసి పర్యాటక శాఖ బ్రోషరులో వేసుకుంటే డబ్బివ్వాలో వద్దో ఉండదు. రోడ్డు వెడల్పు చేయడానికి గోడ కూల్చాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఉండదు. ఈ నాలుగు ఖాళీలు నింపడానికి తెలిసిన లాయరుకు ఒక పూట చాలు. నింపకుండా వదిలేస్తే కోర్టుకు ఎన్నేళ్లు చాలవో సెహగల్ కేసు చూపించింది.

కోర్టుకు వెళ్తే ప్రతిసారీ గెలుపు రాదు కూడా. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో రాజ్ రేవాల్ రూపకల్పన చేసిన హాల్ ఆఫ్ నేషన్స్ 1972 నుంచి దేశానికే గుర్తుగా నిలిచింది. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి బుల్‌డోజర్లు దాన్ని నేలమట్టం చేశాయి. అదే 57వ సెక్షన్ పట్టుకుని రేవాల్ హైకోర్టుకు వెళ్లారు. 2019లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. కట్టడాన్ని వికృతంగా మారిస్తే అడ్డుకోవచ్చు గానీ, స్థల యజమాని మొత్తంగా కూల్చేస్తానంటే ఆర్కిటెక్టు ఆపలేడన్నది కోర్టు మాట. పూర్తిగా లేకుండా పోయిన కట్టడాన్ని చూసి ఎవరూ దాని రూపకర్తను తక్కువగా అనుకోరు కదా అన్నది దాని వెనక తర్కం. చెయ్యి విరిచేస్తే నేరం, తల తీసేస్తే కాదు అన్నట్టు ఉందని కళాకారులు బాధపడితే తప్పు పట్టలేం. అయినా చట్టం ఇవాళ ఉన్న తీరు అది. మంచి లాయరు తన క్లయింటుకు ఈ సంగతి ముందే చెప్పాలి.

న్యూయార్క్‌లో దీనికి భిన్నంగా జరిగింది. క్వీన్స్ ప్రాంతంలో ఫైవ్ పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల నిండా గ్రాఫిటీ కళాకారులు యజమాని అనుమతితోనే బొమ్మలు వేశారు. 2013లో అక్కడ అపార్టుమెంట్లు కట్టదలచిన యజమాని రాత్రికి రాత్రి వాటికి తెల్లసున్నం కొట్టించాడు. కళాకారులు దావా వేశారు. 2018లో కోర్టు 45 బొమ్మలకు గాను 21 మందికి 67.5 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పిచ్చింది. 2020లో పైకోర్టూ దాన్ని ఖరారు చేసింది. భవనం ఆయనదే, కూల్చే హక్కూ ఆయనదే. కానీ తీయడానికి వీలున్న బొమ్మలుంటే 90 రోజుల ముందు కళాకారుడికి నోటీసివ్వాలని, పేరున్న పనిని నాశనం చేయకూడదని అమెరికాలో 1990 నుంచి చట్టం ఉంది. ఆ 90 రోజులు ఆగని తొందరే యజమానికి అంత ఖరీదైంది. మన చట్టంలో అలాంటి నోటీసు లేదు. చట్టంలో లేనిది ఒప్పందంలో రాసుకోవడానికి మాత్రం ఎవరి అడ్డూ లేదు.

చట్టంలో ఉండి కూడా పనికిరాని హక్కు ఇంకొకటి ఉంది. 1994 సవరణతో వచ్చిన 53ఎ సెక్షన్ ప్రకారం పెయింటింగ్, డ్రాయింగ్, శిల్పం అసలు ప్రతి గానీ, రచయిత చేతిరాత ప్రతి గానీ 10 వేల రూపాయలకు మించిన ధరకు మళ్లీ అమ్ముడైతే, ఆ ధరలో కళాకారుడికో వారసులకో వాటా రావాలి. వాటా ఎంతన్నది నిర్ణయించాల్సి ఉంది, గరిష్ఠంగా 10 శాతం. ఆ బాధ్యత మొదట కాపీరైటు బోర్డుది, తర్వాత అప్పీలేట్ బోర్డుది. 2021లో ఆ బోర్డు రద్దై పని కోర్టుల పాలైంది. మూడు దశాబ్దాలు గడిచినా ఈ హక్కు వేలం హాళ్ల దరిదాపులకు రాలేదు. ఏ చిత్రం ఎప్పుడు ఎవరి చేతికి మారిందో చిత్రకారుడికి చెప్పే ఏర్పాటే లేనప్పుడు వాటా ఎవరిని అడగాలి? ఫ్రాన్సులో ఈ హక్కు 1920 నుంచి ఉంది. బ్రిటన్‌లో 2006లో వచ్చింది, వసూలు చేసి పంచే సంస్థలున్నాయి. మన దగ్గర పాటల రాబడి వసూలు చేసి పంచడానికి ఐపీఆర్ఎస్ అనే సంఘం ఉంది. చిత్రకారులకు అలాంటి సంఘం లేదు.

2025 మార్చిలో ఎం.ఎఫ్.హుసేన్ 1954లో వేసిన గ్రామయాత్ర న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 1.37 కోట్ల డాలర్లకు పైగా పలికింది. మన రూపాయల్లో సుమారు 118 కోట్లు. వేలంలో ఒక భారతీయ చిత్రానికి ఆనాటికి అదే అత్యధిక ధర. హుసేన్ 2011లో పోయారు కాబట్టి ఆయన బొమ్మలకు కాపీరైటు ఇంకా ఉంది. అయినా అమ్మకం జరిగిన అమెరికాలో ఇలాంటి వాటా హక్కే లేదు. మన సెక్షన్ అట్లాంటిక్ దాటి వెళ్లదు. 2023లో అమృతా షేర్‌గిల్ చిత్రం ది స్టోరీ టెల్లర్ మన దేశంలోనే 61.8 కోట్లకు అమ్ముడైంది. ఆమె 1941లోనే చనిపోయారు, కాపీరైటు 2001తో ముగిసింది, కాబట్టి అక్కడా వాటా ప్రశ్న రాదు. పైగా ఆమె చిత్రాలు జాతీయ కళానిధులు. రవివర్మ, జామినీ రాయ్, నందలాల్ బోస్ వంటి తొమ్మిది మంది కళాకారుల పనులను మామూలు మనుషులు దేశం దాటించకూడదు. ఒక చిత్రం దేశం దాటొచ్చు, వాటా రాదు. ఇంకో చిత్రం దేశం దాటకూడదు, వాటా రాదు. ఈ రెండు సంగతులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని చెప్పగలిగినవారే కళాచట్టం తెలిసిన లాయరు.

వేలం హాళ్ల నుంచి శ్రీకాళహస్తికి వద్దాం. ఇక్కడి కలంకారీ కళాకారుడు కరక్కాయ, పాలు కలిపిన నీటిలో గుడ్డను తడిపి ఆరబెడతాడు. వెదురు పుల్ల కొసకు చుట్టిన నూలును తడుపుతూ, బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి పులియబెట్టిన నల్ల రంగుతో గీత గీస్తాడు. రామాయణ ఘట్టం ఒక్కటి పూర్తవడానికి వారాలు పడుతుంది. దానికి కాపీరైటు ఉందా? రామాయణం మీద లేదు, కలంకారీ పద్ధతి మీద లేదు. ఆ గుడ్డ మీద ఆ చేయి గీసిన ఆ బొమ్మ మీద ఉంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా ఉంది. కానీ అది ఊరికీ పద్ధతికీ రక్ష, ఒక మనిషి గీసిన ఫలానా నెమలికి కాదు.

అదే నెమలిని చీరల కంపెనీ కోసం స్క్రీన్ మీదికి ఎక్కించారనుకోండి. డిజైన్ల చట్టం కింద రిజిస్టరు చేయదగ్గ డిజైను రిజిస్టరు కాకుండా ఉండిపోయి, పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి అచ్చయితే దాని మీద కాపీరైటు పోతుందని కాపీరైటు చట్టం 15వ సెక్షన్ అంటోంది. 51వ చీరతో హక్కు ఆవిరి. గోడకు తగిలించుకునే చిత్రం ఏది, సరుకు మీద డిజైను ఏది అన్న గీత ఎక్కడ గీయాలన్నది తేలిక విషయం కాదు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీనికి ఒక పరీక్ష చెప్పింది, అదీ గ్యాస్ రవాణా ట్రైలర్ల డ్రాయింగుల తగాదాలో. ట్యాంకర్ల కేసులో తీర్పు చీర అంచుకు వర్తిస్తుందని పెడనలోనో పోచంపల్లిలోనో ఉన్నవారికి ఎవరు చెప్పాలి? డిజైను రిజిస్ట్రేషను అయితే మొదట 10 ఏళ్లు, తర్వాత ఇంకో 5 ఏళ్లు రక్ష ఉంటుంది. కానీ దరఖాస్తుకు ముందే డిజైను జనంలోకి వెళ్లకూడదు. కొత్త డిజైను మగ్గం దిగగానే ఫొటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేయడం ఇవాళ అలవాటు. ముందు దరఖాస్తు, తర్వాత ఫొటో అని చెప్పే లాయరు ఆ నేతకారుడి కుటుంబానికి చేసిన మేలు కోర్టులో ఏ వాదనా చేయలేదు.

కళాచట్టం కాపీరైటుతో ఆగిపోదు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రానికి చెందిన సున్నపురాయి ఫలకం ఒకటి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. బుద్ధుడిని పూజిస్తున్న భక్తులు చెక్కిన ఆ రాయిని గ్యాలరీ 2005లో న్యూయార్క్ వ్యాపారి నుంచి కొన్నది. అది దొంగసొత్తని తేలాక 2016లో భారత్‌కు తిరిగి అప్పగించింది. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూడనివారు తెలుగునాట ఉండరు. కళాఖండం కొనేటప్పుడు అలాంటి లింకులు అడగడం ప్రపంచంలోని పెద్ద మ్యూజియాలకే ఆలస్యంగా అలవాటైంది. ఆ లింకుల్లో ఎక్కడ తెగిందో చూసి చెప్పడం ఈ లాయర్ల పనిలో పెద్ద భాగం. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పం, చిత్రం వంటివాటిని, 75 ఏళ్లు దాటిన ముఖ్యమైన రాతప్రతులను ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయడానికి వీల్లేదు. తాతగారి తాళపత్రాలను అమెరికాలో ఉన్న కొడుక్కి పంపాలనుకునే కుటుంబాలకు కూడా ఇది వర్తించే సంగతి.

ఈ రంగంలో కొన్ని కేసులు కథల్లా ఉంటాయి. తంజావూరు ప్రాంతంలోని పత్తూరులో 1976లో మట్టి తవ్వుతుంటే ఒక కంచు నటరాజు బయటపడ్డాడు. చేతులు మారి మారి లండన్ చేరాడు. 1982లో కెనడాకు చెందిన ఒక కంపెనీ కొన్నది. స్కాట్లండ్ యార్డ్ పట్టుకుంది. విగ్రహం ఎవరిదన్న దావాలో శిథిలమైన పత్తూరు గుడి తరఫున కూడా వాదన నడిచింది. గుడికి చట్టం దృష్టిలో మనిషికున్నట్టే హక్కులుంటాయన్న భారతీయ న్యాయసూత్రాన్ని ఇంగ్లండ్ అప్పీలు కోర్టు 1991లో మన్నించింది. నటరాజు ఇంటికొచ్చాడు. రాయీ రప్పా మిగిలిన గుడిని లండన్ కోర్టులో కక్షిదారుగా నిలబెట్టాలన్న ఆలోచన లాయర్లకే వస్తుంది. అదే కేసు కోసం వాళ్లు ఫొటోలు, మట్టి పరీక్షల నివేదికలు, శిల్పశాస్త్ర నిపుణుల సాక్ష్యాలు కూడా కూడబెట్టాల్సి వచ్చింది.

కృత్రిమ మేధ వచ్చాక కొత్త ప్రశ్నలు చేరాయి. 2020లో సూర్యాస్త్ అనే చిత్రానికి రాఘవ్ అనే ఏఐ టూల్‌ను సహ రచయితగా చూపిన దరఖాస్తును మన కాపీరైటు ఆఫీసు రిజిస్టరు చేసింది. తర్వాత పొరపాటు గ్రహించి ఉపసంహరణ నోటీసిచ్చింది. అమెరికా ఆఫీసు అదే చిత్రానికి 2023లో నిరాకరించింది. ఏఐతో బాపు బొమ్మలాంటి అమ్మాయిని గీయించడం తప్పా? శైలికి కాపీరైటు లేదు. ఆలోచనకు కాదు, దాన్ని చూపిన రూపానికే రక్ష అని సుప్రీంకోర్టు 1978లోనే, ఆర్.జి.ఆనంద్ కేసులో తేల్చింది. కానీ బాపు వేసిన ఒక నిర్దిష్ట బొమ్మను దించేస్తే అది ఉల్లంఘనే. కింద ఆయన సంతకం కూడా చేర్చి అమ్మితే అది మోసం కూడా. ఈ మూడింటికీ తేడా చెప్పకుండా అందరికీ నోటీసులు పంపే లాయరు క్లయింటు డబ్బు వృథా చేస్తున్నట్టు.

మరి ఈ వృత్తిలోకి రావడం ఎలా? పేటెంట్ ఏజెంటు కావాలంటే సైన్సో ఇంజనీరింగో డిగ్రీ కావాలి. కాపీరైటుకు అలాంటి గడప లేదు. హైదరాబాద్ నల్సార్‌లోనో విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలోనో, జిల్లా కేంద్రంలోని లా కాలేజీలోనో చదివి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకుని, అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కితే చాలు. చట్టం ఎలాగూ నేర్పుతారు. కాలేజీల్లో నేర్పనిది బొమ్మను చూడటం. లిథోగ్రాఫుకు, ఆఫ్‌సెట్ ప్రింటుకు తేడా ఏమిటి, ఎడిషన్ నంబరు అంటే ఏమిటి, పోతపోసిన కంచులో అసలు ప్రతి ఏది అన్నవి స్టూడియోల్లో తిరిగితే తప్ప రావు. కళల కాలేజీ క్యాంటీన్‌లో స్నేహితులున్న లా విద్యార్థికి ఇక్కడ మొగ్గు ఎక్కువ.

సంపాదన మాటేమిటన్నది న్యాయమైన ప్రశ్న. ఒక్కో చిత్రకారుడి దగ్గర ఎంత ఫీజు వస్తుంది? నిజమే, కేవలం చిత్రకారులను నమ్ముకుంటే ఆఫీసు అద్దె గడవదు. ఈ దారిలో ఉన్నవారు సినిమా కథల హక్కులు, ఓటీటీ ఒప్పందాలు, పాటల రాయల్టీలు, ట్రేడ్‌మార్కులతో బండి నడుపుకుంటారు. హైదరాబాద్‌లో ఆ పనికి కొదవ లేదు. కళాకారుల పని పక్కన నడుస్తుంది. ఢిల్లీ హైకోర్టు 2021లో మేధాహక్కుల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది, మద్రాసు హైకోర్టు 2023లో ఆ బాటే పట్టింది. కేసులతో పాటు చురుకైన యువ లాయర్లూ ఆ ఊళ్లకే చేరుతున్నారు. కానీ కాపీరైటు దావాకు ఢిల్లీ వెళ్లనక్కర్లేదు. హక్కుదారు తాను నివసించే చోటి కోర్టులోనే దావా వేసుకోవచ్చని 62వ సెక్షన్ చెబుతోంది. రాజమహేంద్రవరం చిత్రకారుడి బొమ్మను ముంబయి కంపెనీ వాడుకుంటే, ముంబయి వాళ్లే గోదావరి గట్టుకు రావాలి. ఈ ఒక్క సెక్షన్ చాలు, జిల్లా కేంద్రాల్లో ఈ ప్రాక్టీసు నిలబడటానికి. కావలసింది పని మొదలవడమే.

పని మొదలుపెట్టించగలిగినవారు ముగ్గురున్నారు. మొదటిది లా కాలేజీలు. న్యాయసహాయ క్లినిక్ ప్రతి కాలేజీలోనూ ఉండాలి కాబట్టి, వాటిలో నెలకు ఒక రోజు కళాకారులకు కేటాయించడానికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. న్యూయార్క్‌లో వాలంటీర్ లాయర్స్ ఫర్ ది ఆర్ట్స్ అనే సంస్థ 1969 నుంచి ఇదే చేస్తోంది. కళాకృతికి కాపీరైటు రిజిస్ట్రేషను ఫీజు మామూలుగా 500 రూపాయలు. తప్పనిసరి కాకపోయినా, తగాదా వస్తే అది మొదటి సాక్ష్యంగా నిలుస్తుంది. దరఖాస్తు నింపిపెట్టే పని విద్యార్థులకు మంచి శిక్షణ. రెండోది లలితకళల కాలేజీలు. బొమ్మ వేయడం నాలుగేళ్లు నేర్పి, ఒప్పందం చదవడం ఒక్క వారం కూడా నేర్పకుండా విద్యార్థిని మార్కెట్లోకి పంపడం అన్యాయం.

మూడోది, అసలైంది, ప్రభుత్వం. సాంస్కృతిక శాఖ, మున్సిపల్ శాఖ కలిసి కళాపనులకు విడిగా ఒక నమూనా ఒప్పందం తేవాలి. అది తెలుగులో ఉండాలి. సంతకం చేసే శిల్పికి చదివి అర్థం కాని ఒప్పందం ఎంత గొప్పదైనా ఏం లాభం? అందులో నాలుగు షరతులు చాలు. పని పక్కన కళాకారుడి పేరు కనబడాలి. కాపీరైటు ఎవరిదో, ప్రభుత్వం ఏయే వాడకాలకు అనుమతి తీసుకుంటోందో రాయాలి. మరమ్మతుకు ముందు కళాకారుడిని సంప్రదించాలి. తీసేయాల్సి వస్తే 90 రోజుల ముందు నోటీసిచ్చి, తీసుకెళ్లగలిగితే తీసుకెళ్లే అవకాశమివ్వాలి. ఇది అభివృద్ధికి అడ్డం పడుతుందనేవారు ఉంటారు. రోడ్డు వెడల్పుకు భూసేకరణ చేసేటప్పుడు ఇంటి యజమానికి నోటీసివ్వాల్సిందే. గోడ మీది బొమ్మకు ఆ మాత్రం గడువిస్తే రోడ్డు ఆగదు.

53ఎ సెక్షన్ సంగతి కేంద్రం తేల్చాలి. వాటా శాతం ఖరారు చేయడం, గ్యాలరీలు, వేలం సంస్థలు అమ్మకం వివరాలు నమోదు చేసేలా చూడటం, వసూలుకు ఒక సంఘాన్ని నిలబెట్టడం దాని పని. నమూనా ఒప్పందానికి మాత్రం పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, చట్ట సవరణ అక్కర్లేదు. అమరావతిలో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి, రెండు జీవోలు చాలు. ముసాయిదా రాసే పనిని రెండు రాష్ట్రాల లా యూనివర్సిటీల విద్యార్థులకు అప్పగిస్తే, ఈ వృత్తిలో వారి మొదటి ఫైలు అదే అవుతుంది.